జాజ్ సంగీతమూ, మన మనోధర్మమూ

జాజ్ సంగీతాన్ని గురించి మన అభ్యుదయ సాహిత్యరంగంలో చర్చ జరిగింది చాలా తక్కువ. జరిగినంతలోనూ రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి, అది సామ్రాజ్యవాద దేశాల నైట్‌క్లబ్బుల్లో తాగి గంతులు వేసేవాళ్ళ సంగీతమనీ, దానితో శ్రామిక ప్రజలకు నిమిత్తం లేదనీ. రెండోది ఇటీవల ఎక్కువగా వినపడుతున్నది: సంగీతానికి ఎల్లలు లేవనీ, ఏ దేశపు వాద్యాన్నయినా ఏ దేశపు వాద్యంతోనయినా కలిపి వాయిస్తే మానవులంతా ఏకమైపోతారనీ. మొదటిది కోపంతో అన్నమాట, రెండోది మొహమాటంతో అన్నమాట. రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. వాయించే మనిషి ఎవరు, ఎవరి కింద వాయిస్తున్నాడు, ఏం వాయించాలో నిర్ణయించేది అతనా, మరొకరా అన్న ప్రశ్న ఈ రెండు వాదాలకూ పట్టలేదు.

ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే పరిశీలిద్దాం. న్యూయార్కు, లండన్ నగరాల సంగీతాన్ని ఖమ్మం జిల్లా వేంసూరులో కూర్చుని పరిశీలించటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ వైపు పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళం, జాతరలో మోగే డప్పు, సత్తుపల్లి, కొత్తగూడెం దాటి గోదావరి వైపు పోతే అడవి పల్లెల్లో వినపడే కోయ డోలు, ఈ మూడూ జాజ్‌ను అర్థం చేసుకోటానికి పట్నపు సంగీత సభలకన్నా ఎక్కువ పనికివస్తాయి. ఎందుకంటే జాజ్ పుట్టింది సభల్లో కాదు, ఇటువంటి చోట్లనే.

అమెరికా దక్షిణాన న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్టణం ఉంది. బానిసత్వం నడిచిన రోజుల్లో అక్కడి కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆదివారంనాడు నల్లజాతి బానిసలు గుమిగూడి, ఆఫ్రికా నుంచి తమతో వచ్చిన దరువుల మీద ఆడి పాడేవాళ్ళు. 1865లో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది. పేదరికం మాత్రం రద్దు కాలేదు. అటు తర్వాత సైనిక బ్యాండ్లలో ఉండే కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్ వంటి వాద్యాలు ఈ పేదల చేతుల్లోకి వచ్చాయి. శవం వెంట నడిచేటప్పుడు మెల్లగా, ఏడుపు నడకలో వాయించేవాళ్ళు. శ్మశానం నుంచి తిరిగి వచ్చేటప్పుడు అదే బృందం అదే వాద్యాలతో జనాన్ని ఆడించే దరువు ఎత్తుకునేది. చావుకూ పెళ్ళికీ వేర్వేరు దరువులున్న మన డప్పు తెలిసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ కనిపించదు.

మన పల్లెల బ్యాండుమేళాల చరిత్ర కూడా కొంతవరకు ఇదే దారిలో నడిచింది. తెల్లదొరల పటాలాల నుంచీ, సంస్థానాధీశుల కొలువుల నుంచీ క్లారినెట్టూ, బాకాలూ, పెద్ద డ్రమ్మూ పేదల వీథుల్లోకి దిగాయి. నోటేషన్ చదవటం రానివాళ్ళే ఎక్కువమంది. విన్న పాటను చెవితో పట్టుకుని, ఊరేగింపు ఎంతసేపు సాగితే అంతసేపు దానిని సాగదీసి, మెలితిప్పి, పెళ్ళివారి ఉత్సాహాన్ని బట్టి నడక మార్చటం వాళ్ళకు వృత్తి. ఇది సంగీత విద్య అని మనం ఎన్నడూ అనుకోలేదు. న్యూ ఆర్లియన్స్‌లోని పెద్దమనుషులు కూడా మొదట అనుకోలేదు.

1901లో ఆ పట్టణంలో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ నల్లజాతి బాలనేరస్థుల కోసం పెట్టిన ఒక అనాథశాలలో కార్నెట్ నేర్చుకున్నాడు. తర్వాతి రోజుల్లో జాజ్‌లో ఒంటరి వాద్యకారుని కల్పనకు అంత విస్తృతి కలిగించింది ఆయనే. ఐతే జాజ్ పేరిట మొట్టమొదటి గ్రామఫోన్ రికార్డు 1917లో వెలువడినప్పుడు దానిలో వాయించినవాళ్ళు అయిదుగురూ తెల్లవాళ్ళే. పుట్టించినవాళ్ళకన్నా ముందు, విని నేర్చుకున్నవాళ్ళకు మార్కెట్టు దొరికింది. కళ ఒకరిది, దాని మీద వచ్చే రాబడి మరొకరిది కావటం ఈ సంగీతం పుట్టిననాటి నుంచీ ఉన్న సమస్య. తర్వాతి చరిత్రనంతా ఈ సంగతి గుర్తుపెట్టుకునే చదవాలి.

ఇక జాజ్ ధనికుల సంగీతమన్న వాదం సంగతి. మన తరాలకు తరాలు గురువుగా భావించి చదువుకున్న మాక్సిమ్ గోర్కీయే 1928లో ‘ప్రావ్దా’ పత్రికలో ఒక వ్యాసం రాస్తూ, దీనిని బాగా బలిసినవాళ్ళ సంగీతమని ఈసడించాడు. అప్పట్లో ఆయన ఇటలీలో ఉన్నాడు. ఆయన చెవిన పడినది ధనికుల హోటళ్ళలో మోగే నాట్యసంగీతం. ఆ హోటలు మీద గోర్కీకి కలిగిన అసహ్యంలో తప్పు లేదు. కాని వ్యాపారి వండి వడ్డించిన కూరను చూసి తోట వేసినవాడిని తప్పుపట్టినట్టయింది ఆ విమర్శ. సోవియట్ దేశంలో ఆ వ్యాసం తర్వాత చాలాకాలం జాజ్‌ను అణచటానికి ఆధారంగా పనికివచ్చింది. గొప్ప రచయిత విసుగులో అన్నమాట శిష్యుల చేతిలో సూత్రం ఐపోవటం మనకూ తెలియని విషయం కాదు.

దీనికి సమాధానం వామపక్షం నుంచే వచ్చింది. బిల్లీ హాలిడే 1939లో రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ నల్లజాతివాళ్ళను చెట్లకు ఉరితీసే దారుణం మీద పాట. దానిని రాసినవాడు ఏబెల్ మీరోపోల్ అనే న్యూయార్కు బడిపంతులు, కమ్యూనిస్టు. ఆ రికార్డులో ట్రంపెట్ వాయించినవాడు ఫ్రాంకీ న్యూటన్, ఆయన కూడా వామపక్షీయుడే. ఇరవై ఏళ్ళ తర్వాత, 1959లో, ఆంగ్ల మార్క్సిస్టు చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ ‘ది జాజ్ సీన్’ అనే పుస్తకం రాసి, ఆ ట్రంపెట్ వాద్యకారుని మీది గౌరవంతో ఫ్రాన్సిస్ న్యూటన్ అని మారుపేరు పెట్టుకున్నాడు. పనిచేసి బతికే పేదల కళ ఒకటి ప్రపంచాన్ని ఎట్లా జయించిందో, జయించే క్రమంలో వ్యాపారానికి ఎట్లా లొంగవలసి వచ్చిందో రెండూ పరిశీలించాలని హాబ్స్‌బామ్ దృష్టి. మనకు కావలసింది ఆ దృష్టి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జాజ్‌కు ప్రాణం అప్పటికప్పుడు కల్పించి వాయించటం. దీనిని చాలామంది నియమం లేకుండా ఇష్టం వచ్చినట్టు వాయించటమనుకుంటారు. ఇది పొరపాటు. పన్నెండు గతుల బ్లూస్ కాని, ముప్ఫైరెండు గతుల పాట కాని, ఒక చట్రం ఉంటుంది. బృందంలోని ప్రతివాడికీ ఆ చట్రం కంఠతా వచ్చి ఉంటుంది. ఒకడు కల్పన చేస్తుంటే మిగిలినవాళ్ళు చట్రాన్ని నిలబెడతారు, అతని మాటకు ఊకొడతారు, ఒక్కొక్కసారి అడ్డు చెబుతారు. తర్వాత వంతు మారుతుంది. స్వేచ్ఛ ఉన్నది, ఐతే అది పదిమంది మధ్య, పదిమంది వింటుండగా అనుభవించే స్వేచ్ఛ. వినటం చేతకానివాడు ఇందులో వాయించలేడు.

కర్ణాటక సంగీతం విన్నవాళ్ళకు ఇది సుపరిచితమే. రాగాలాపన, నెరవు, కల్పనాస్వరం, తని ఆవర్తనం అన్నీ మనోధర్మం కిందికి వస్తాయి. రాగమూ తాళమూ చట్రం, దానిలో గాయకుడి నడక అతనిది. ఐతే రెండు తేడాలున్నాయి. జాజ్ ఏకకాలంలో అనేక స్వరాలను మోగించే సామరస్యం మీద నిలబడుతుంది, మన రాగం ఒక్క స్వరపు వంపు మీద నిలబడుతుంది. ఇది శాస్త్రానికి సంబంధించిన తేడా. రెండోది సమాజానికి సంబంధించింది. మనోధర్మమనే గౌరవవాచకాన్ని మనం ఒక సంప్రదాయానికే కేటాయించాం. కచేరీలో మృదంగ విద్వాంసుడు మూడు నడకలు మార్చి ముక్తాయింపు పెడితే అది మనోధర్మం. జాతరలో డప్పు నాయకుడు సిర్రా, చిటికెనపుల్లా ఆడిస్తూ దరువు మార్చి, కంటి సైగతో పదిమందిని అందుకోమని, మళ్ళీ మొదటి దరువులోకి దించితే అది జానపదం! మొదటివాడికి పేరు అడుగుతాం. రెండోవాడికి కులం అడుగుతాం.

ఈ గోడను దాటి వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తండ్రి క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను ఆరేళ్ళ పిల్లవాడు చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగమీద వెతుక్కునేవాడు. మాండలిన్ మన గమకానికి అనువైన వాద్యం కాదు, మీటిన స్వరం నిలవదు. ఆ లోపాన్ని పూరించటానికి శ్రీనివాస్ జంట తీగలు వదిలి ఒంటి తీగలు పెట్టి, విద్యుత్తు సాయం తీసుకున్నాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఈ బాలుడు వాయిస్తే శ్రోతలు వదలక మరో గంట వాయించమని పట్టుబట్టారు. 1990ల చివర జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరి ప్రపంచమంతా తిరిగాడు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే చనిపోయాడు.

‘రిమెంబర్ శక్తి’ని పొగిడి ఊరుకోవటం విమర్శ కాదు. ఆ బృందపు గొప్ప ఏమిటి? శ్రీనివాస్ అక్కడ గిటారు పక్కన అలంకారంగా కూర్చోలేదు. రాగాన్ని ఎత్తుకుని నడిపించే బాధ్యత ఆయనకుంది, మెక్‌లాఫ్లిన్ దానిని విని జవాబు చెప్పవలసి ఉంటుంది. ఇద్దరి మధ్య ఒక రకమైన సమానత్వం ఉంది. లోపం కూడా ఉంది. సవాలు, జవాబు పద్ధతిలో వేగం పెరిగినకొద్దీ చప్పట్లు పెరుగుతాయి, చప్పట్లు పెరిగినకొద్దీ వేగమే లక్ష్యమవుతుంది. శ్రీనివాస్ విలంబకాలంలో ఒక స్వరాన్ని పట్టుకుని ఊగించినప్పుడు కలిగే గాఢత ఆ పరుగులో తరచు కొట్టుకుపోయింది. అంతకు ముందు, 1966లో లండన్‌లో వెలువడిన ‘ఇండో-జాజ్ స్వీట్’లో లోపం ఇంకోరకం. కలకత్తా ఆంగ్లో-ఇండియన్ జాన్ మేయర్, జమైకా నుంచి వచ్చిన శాక్సఫోన్ వాద్యకారుడు జో హారియట్ కలిసి చేసిన ప్రయత్నమది. ఇద్దరూ వలసల వల్ల లండన్ చేరినవాళ్ళే, ఇద్దరిదీ సాహసమే. ఐతే రచన అంతా మేయర్ కాగితం మీద ఉంది. రెండు సంప్రదాయాలు పక్కపక్కన కూర్చున్నాయి గాని ఒకదాని మాటను మరొకటి మధ్యలో ఆపి అడిగే చనువు ఏర్పడలేదు. హారియట్ 1973లో, 44 ఏళ్ళకు, పేదరికంలోనే పోయాడు.

ఈనాడు భిన్న దేశాల, జాతుల యువ వాద్యకారులు జాజ్ వేదికల మీదికి వస్తున్నారు. ఇది సంతోషించవలసిన పరిణామం. ఐతే వాళ్ళ ముందు ఒక కొత్త చిక్కు నిలబడుతున్నది. రుద్రేశ్ మహంతప్ప అనే శాక్సఫోన్ వాద్యకారుడు కర్ణాటక నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు 1971లో పుట్టి, అమెరికాలో పెరిగాడు. ఆయన విని పెరిగింది చార్లీ పార్కర్‌ను. కాని పేరు చూసీ, ఒంటి రంగు చూసీ, ఇతనికి భారతీయ సంగీతం తప్పక వచ్చి ఉంటుందని అందరూ అనుకునేవాళ్ళు. ఆ సంగీతాన్ని ఆయన తర్వాత, తన ఇష్టంతో, తన కాలంలో నేర్చుకున్నాడు. చిన్నతనంలో మైసూరు రాజభవనపు బ్యాండులో శాక్సఫోన్ చూసి దానిని కర్ణాటక సంగీతానికి లొంగదీసిన కద్రి గోపాల్‌నాథ్‌ను వెతుక్కుని వచ్చి, ఆయనతో కలిసి 2008లో ‘కిన్స్‌మెన్’ రికార్డు చేశాడు. ఆ రికార్డు బాగుండటానికి కారణం ఇద్దరూ భారతీయులు కావటం కాదు. ఇద్దరూ చెరొక దారిన అదే వాద్యంతో ఏళ్ళ తరబడి కుస్తీపట్టి, ఒకరి దారి ఒకరు తెలుసుకోవాలన్న ఆసక్తితో కలవటం.

‘నీ జాతి సంగీతం వాయించు, నీకు వేదిక ఇస్తాం’ అనటం ఉదారంగా కనపడుతుంది. నిజానికి అది కూడా ఒక హద్దు. మన దగ్గర దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. భద్రాచలం ప్రాంతానికి పెద్దవాళ్ళెవరు వచ్చినా కోయ యువకులు కొమ్ముల తలపాగాలు పెట్టుకుని, డోళ్ళు తగిలించుకుని ఎదురురావాలి. కోయలకు ఆ ఆట తమ పండుగలకూ, పెళ్ళిళ్ళకూ సంబంధించినది. అందులో డోలుకూ అడుగుకూ మధ్య జరిగే సంభాషణ ముగియటానికి వాళ్ళ లెక్క వాళ్ళకుంది. స్వాగత సభలో అది కారు దిగినప్పుడు మొదలై మెట్లెక్కేసరికి ఆగిపోవాలి. వేదిక ఇచ్చాం, నిర్ణయం ఇవ్వలేదు. ఆ డోలు వాయించే పిల్లవాడు రేపు కీబోర్డు నేర్చుకుంటానంటే, ట్రంపెట్ కొనిపెట్టమంటే మనం ఏమంటాం? సంస్కృతి చెడిపోతున్నదని అంటాం. పాలకొల్లు పిల్లవాడు విదేశీ వాద్యం పట్టుకుంటే మేధ అన్నాం. అడవి పిల్లవాడు పట్టుకుంటే నష్టం అంటాం. తన సంప్రదాయంలో నిలబడే హక్కూ, అందులోంచి బయటికి అడుగువేసే హక్కూ రెండూ ఉన్నప్పుడే కళాకారుడు స్వతంత్రుడు.

మనోధర్మం మన ప్రజాకళల్లో లేదని ఎవరైనా అంటే వాళ్ళు బుర్రకథ విననివాళ్ళు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, దూదేకుల కుటుంబంలో 1920లో పుట్టిన షేక్ నాజర్ ప్రజానాట్యమండలి ద్వారా ఈ రూపానికి కొత్త జవం పోశాడు. కథకుడు కథ నడుపుతుంటే ఒక వంత హాస్యం, మరొక వంత రాజకీయం చెబుతారు. కథ పల్నాటిదో, బొబ్బిలిదో కావచ్చు. వంత మాట మాత్రం ఆ ఊరిది, ఆ రాత్రిది. ముందువరస మనిషి దగ్గితే దానికీ ఒక జవాబు ఉంటుంది. ముగ్గురూ ఒకరినొకరు వింటూ కథను పొడిగిస్తారు, కుదిస్తారు. చట్రమూ, స్వేచ్ఛా, వంతులూ జాజ్‌లో ఎట్లా ఉన్నాయో ఇక్కడా అట్లాగే ఉన్నాయి. బుర్రకథను జాజ్ అనమని నేను చెప్పటం లేదు. దాని పేరు దానికి చాలు. ఒకే తూనికరాయితో రెండింటినీ తూచమంటున్నాను.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ ఇలవేల్పుల, వీరుల కథలు చెప్పే కంచుమేళం-కంచుతాళం కళాకారుడు. రాయని పుస్తకం ఆయన నోట్లో ఉంది. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో కన్నుమూశాడు. అదే 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగులయ్య నల్లమల వైపు పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దక్కలి కళాకారుడు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఆయన గొంతుతో మొదలయి రాష్ట్రమంతా మోగింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కూలిపని చేస్తున్నాడని పత్రికలు రాశాయి. సినిమాపాటకు ఆయన ఎత్తుగడ కావలసి వచ్చింది. ఆ తర్వాతి పాటను ఎటు నడపాలో ఆయనను అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు. 1917 నాటి న్యూ ఆర్లియన్స్ కథకూ దీనికీ పోలిక ఉన్నది. కల్పనచేసే శక్తి ఒకరిది, ఎంతవరకు చేయాలో తేల్చేది మరొకరు.

దీనికి మార్గం ఏమిటి? షికాగోలోని నల్లజాతి వాద్యకారులు 1965లో ఒక సంఘం పెట్టుకున్నారు. సృజనాత్మక సంగీతకారుల అభ్యున్నతి సంఘమని దాని పేరుకు అర్థం. రిచర్డ్ ఏబ్రమ్స్ దానికి పెద్ద. క్లబ్బు యజమాని కోరిన పాట కాదు, తమ సొంత కల్పననే వాయించాలన్నది వాళ్ళు పెట్టుకున్న నియమం. కచేరీలు వాళ్ళే ఏర్పాటు చేసుకున్నారు. పేటలోని పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పే బడి పెట్టారు. ఆ బడినుంచీ ఆ సంఘంనుంచీ వచ్చినవాళ్ళు తర్వాత అర్ధ శతాబ్దంపాటు ప్రపంచ సంగీతంలో కొత్తదారులు వేశారు. సాయం కోరి నిలబడటానికీ, సంఘంగా నిలబడటానికీ తేడా ఇక్కడ కనిపిస్తుంది.

మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ చేయగల పని ఇందులో చాలా ఉంది. బడి వార్షికోత్సవంలో డప్పునో, డోలునో మూడు నిమిషాల అలంకారంగా పెట్టటం మానాలి. వాయించేవాడి పేరు కరపత్రంలో వెయ్యాలి. ఎంతసేపు వాయించాలో అతనినే అడగాలి. మైకు అద్దెకు బేరమాడకుండా ఇచ్చే డబ్బులో సగమైనా అతనికి ఇవ్వాలి. డీజే పెట్టెలు వచ్చి పనిపోయిన బ్యాండుమేళం క్లారినెట్ వాద్యకారుడు మన ఊళ్ళో ఉంటే, వారానికి ఒక గంట పిల్లలకు నేర్పించమని జీతం ఇచ్చి పిలవాలి. కోయ విద్యార్థికి డోలు ఎంత అందుబాటులో ఉండాలో గిటారూ అంతే అందుబాటులో ఉండాలి. కలిసి వాయించే కార్యక్రమం పెడితే, ముందు కొన్ని రోజులు కలిసి కూర్చుని వినే ఏర్పాటు ఉండాలి. ఒక్క పూట పరిచయంతో వేదిక ఎక్కిస్తే వచ్చేది సంతలో గోల.

విమర్శకులకు కూడా బాధ్యత ఉంది. ప్రజాకళ అనగానే పొగడటం, విదేశీ సంగీతం అనగానే తిట్టటమో, తెల్లబోవటమో చేసి ఇంతకాలం గడిపాం. మొన్న జాతరలో డప్పు నాయకుడు ఏ దరువులోంచి ఏ దరువులోకి ఎట్లా వెళ్ళాడో, ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ కొత్త ఎత్తుగడ పట్టుకున్నాడో రాసిన సమీక్ష మన పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చింది? తప్పు పట్టేంత శ్రద్ధతో విన్నప్పుడే అతనిని సాటి కళాకారునిగా గౌరవించినట్టు. ఆ సమీక్షలు వేంసూరు నుంచీ, మణుగూరు నుంచీ, అచ్చంపేట నుంచీ రావటం మొదలైన రోజున జాజ్‌ను గురించి మనకు పాఠం చెప్పటానికి లండన్ పుస్తకం అక్కరలేదు. మనం చెప్పే పాఠం కూడా వాళ్ళు వింటారు.